సీబీసీఐ నిర్ణయం తీసుకుంటే ఊళ్ళో ఫాదర్ గారు వినాల్సిందేనా?

సీబీసీఐ అంటే దేశంలో కతోలిక బిషప్పులందరి సమాఖ్య కదా, అక్కడ తీర్మానం చేస్తే అన్ని పీఠాల్లో (అంటే ఒక్కో బిషప్ గారి కింద ఉండే ప్రాంతాల్లో) అమలవుతుందా అని అడిగారు. దానంతటది అవ్వదండీ. ఈ సంగతి నాకు ఒక ప్రింటవుట్ పట్టుకుని తిరిగాక తెలిసింది.

మా నాన్నగారు ఊళ్ళో ఉపదేశి, దాదాపు ముప్పై ఏళ్ళు చేశారు. ఫాదర్ గారు రాని ఆదివారాలు ప్రార్థన నడిపించడం, పిల్లలకి జపాలు నేర్పడం, చావు ఇంటికి అందరికంటే ముందు వెళ్ళడం అన్నీ ఆయనే. 2016 డిసెంబర్‌లో సీబీసీఐ దళిత సాధికారత పాలసీ ఒకటి విడుదల చేసింది, కుల వివక్ష ఘోరమైన సామాజిక పాపం అని అందులో రాశారు. నేను ప్రింట్ తీసి నాన్నకి తెలుగులో చెప్తుంటే ఆ ఒక్క మాట మళ్ళీ చదవమన్నారు, మూడుసార్లు చదివించుకున్నారు.

తర్వాత వేసవిలో మా అక్క కొడుక్కి పీఠం వాళ్ళ స్కూల్లో ఫీజు తగ్గించమని అడగడానికి వెళ్ళాం. నాన్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఆ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరదీశారు. ఆఫీసులో ఫాదర్ గారు రెండు పేజీలు తిప్పి, "ఇది ఢిల్లీ వాళ్ళది ఉపదేశి గారూ, మాకు ఇక్కడ సర్క్యులర్ ఏమీ రాలేదు" అని తిరిగి ఇచ్చేశారు. నాన్న "స్తోత్రం ఫాదర్" అని బయటికొచ్చేశారు, బస్సు ఎక్కేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ కోపంతో తెలిసిన ఒక రిటైర్డ్ ఫాదర్ గారి దగ్గరికి వెళ్తే ఆయన కూర్చోబెట్టి చెప్పారు. ప్రతి పీఠానికీ దాని బిషప్పే పెద్ద, ఆయన నేరుగా పోపు గారికే జవాబుదారీ, మధ్యలో ఢిల్లీ అశోక్ ప్లేస్‌లో ఉన్న సీబీసీఐ ఆఫీసు ఆయనకి పైఅధికారి కాదు. 1944లో మద్రాసులో మొదలైన ఈ సమాఖ్యలో లాటిన్, సీరో మలబార్, సీరో మలంకర మూడు రీతుల (ఆరాధన సంప్రదాయాల) బిషప్పులూ ఉంటారు, రెండేళ్ళకోసారి మహాసభ, 2024లో బెంగళూరు సెయింట్ జాన్స్‌లో జరిగింది. లాటిన్ బిషప్పులకి విడిగా సీసీబీఐ ఉంది, మన రెండు రాష్ట్రాలకి తెలుగు బిషప్పుల మండలి ఉంది. (మన పేపర్ల వాళ్ళు సీబీసీఐ, సీసీబీఐ రెండూ ఒకటే అనుకుని రాసేస్తారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే.) ఇలాంటి సమాఖ్య చేసింది అందరూ తప్పక పాటించాల్సిన చట్టం కావాలంటే, 1983 చర్చి చట్టం 455వ నిబంధన ప్రకారం అది సమాఖ్యకి అధికారం ఇచ్చిన విషయమై ఉండాలి, సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి, ఆపైన రోమ్ ఆమోదం రావాలి. మిగతావన్నీ పిలుపులే, ఏ బిషప్ గారి పీఠంలో ఆయన అమలు చేస్తేనే.

2022 ఆగస్టులో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయినప్పుడు, తెలుగువాళ్ళలో ఆయనే మొదటివారు, దళితుల్లోనూ ఆయనే మొదటివారు, మా చుట్టాలు ఒకటే ఫోన్లు, ఇంక ఆయన చెప్తే అన్ని పీఠాలూ వింటాయి అని. మేమూ ఏడ్చినంత సంతోషపడ్డాం. కానీ కార్డినల్ అయినా పక్క పీఠం మీద అధికారం రాదు, పోపుని ఎన్నుకునే ఓటు వస్తుంది, అది వేరే సంగతి.

నా గట్టి అభిప్రాయం ఏంటంటే అసలు లోపం అధికారంలో కంటే భాషలో ఉంది. నాకు దొరికిన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే. గుడి నిలబెట్టేది ఉపదేశులు, వాళ్ళ చేతికి తెలుగులో ఒక్క పేజీ అందదు. పండగకి నాలుగు రంగుల పోస్టర్లు కొట్టించేవాళ్ళకి నలభై పేజీలు తర్జుమా చేయించడం పెద్ద పనా?

కాబట్టి మీకు ఏదైనా కావాలంటే ఢిల్లీకి రాయకండి, మీ బిషప్ గారికే రాయండి. నాన్న కూడా చివరికి అదే చేశారు, తెల్ల కాగితం మీద సొంత చేతిరాతతో, ఆ పాలసీలో మాట తెలుగులో రాసి పంపారు. రెండు నెలలకి జవాబొచ్చింది, తర్వాతి ఏడాది నుంచి పిల్లాడికి సగం ఫీజు తీసేశారు.