గుర్రం వెనక కాలు బిగుసుకుపోతుంటే నడిపించాలా, లాయంలోనే ఉంచాలా?

పొద్దున లాయం నుంచి బయటికి తెస్తుంటే మీ గుర్రం వెనక ఎడమ కాలు కర్రలా బిగదీసి, గిట్ట కొన ఈడుస్తోందని, కాసేపు నడిచాక మామూలవుతోందని రాశారు. నా ఆడగుర్రం కూడా అచ్చం ఇలాగే చేసింది. అది పందేలు మానేశాక నా దగ్గరికి వచ్చింది. వానలకు నేలంతా బురదగా ఉందని మూడు వారాలు కట్టేసి ఉంచాను, ఆ తర్వాతే మొదలైంది.

ముందు డాక్టరుకు చూపించండి. వెనక కాలి మడమ కీలు అరిగినా పొద్దున బిగుసుకుని, నడిస్తే సర్దుకుంటుంది. ఎక్స్‌రే తీస్తేగానీ తేడా తెలియదు. మా దానికి మోకాలి చిప్ప పట్టేస్తోందని తేలింది. గుర్రం నిలబడే కునుకు తీయడానికి ఆ చిప్ప దగ్గరి స్నాయువు తొడ ఎముక అంచుకు కొక్కెంలా తగులుకుంటుంది. తొడ కండ సన్నబడితే ఆ కొక్కెం సులువుగా వదలదు. ఎడ్లకు, గేదెలకు ఇదే వస్తే స్నాయువు కోసేస్తారు కదా, గుర్రానికీ చేయించమని మా ఊళ్లో పెద్దలన్నారు. గుర్రానికి అలా కోస్తే తర్వాత చిప్ప చిట్లే ప్రమాదం ఉందని, ముందు కండ పెంచుదామని డాక్టరుగారు చెప్పారు.

సవారీ మానేసి, రెండు పూటలా పగ్గం పట్టుకుని 15 నిమిషాలు తిన్నగా నడిపించాను. వారానికి ఐదు నిమిషాలు పెంచాను. నెల తర్వాత చెరువు కట్ట ఎక్కించడం మొదలుపెట్టాను. నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ ఏటవాలే. నెమ్మదిగా ఎక్కితేనే వెనక కాళ్ల మీద బరువు పడి కండ పడుతుంది. ఆ తర్వాత నేల మీద సరుగుడు కర్రలు దాదాపు మూడడుగుల ఎడంతో పరిచి దాటించాను. తాడు కట్టి చిన్న వలయంలో మాత్రం తిప్పకండి, మోకాలు మెలిపడుతుంది. కాలు పట్టేస్తే ముందుకు లాగొద్దు. ఒక అడుగు వెనక్కి వేయిస్తే టక్కున వదులుతుంది. లాడాలు కొట్టే ఆయనతో గిట్ట ముందు కొన కూడా పొట్టిగా తీయించండి.

ఒక్క జాగ్రత్త. నడిచేకొద్దీ ఇంకా బిగుసుకుని, చెమటలు పట్టి, పిరుదుల కండలు రాయిలా గట్టిపడినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఇంకొక్క అడుగు వేయించకండి. అక్కడే ఆపి డాక్టరును పిలిపించండి. పని లేని రోజు కూడా ఉలవలు, గింజలు తగ్గించకుండా పెట్టి, మర్నాడు పరిగెత్తిస్తే ఇలా అయ్యే ప్రమాదం ఎక్కువ.

మాకు మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ రెండు రోజులు కట్టేస్తే మొదటి నాలుగడుగులు కాలు ఈడుస్తుంది. అందుకే ముసురు పట్టినా గోనెపట్టా కప్పి కట్ట దాకా తీసుకెళ్తున్నాను.