ప్లాటు తాకట్టు పెట్టే ముందు అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మాది గాజువాక. ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్నాను. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. అమ్మాయి బీకామ్ చివరి సంవత్సరం. తను ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ కావాలని మా కోరిక. లండన్‌లో ఏడాది ఎంఎస్సీ ఫైనాన్స్ చేస్తే ఉద్యోగం ఖాయమని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. ప్లాటు తాకట్టు పెట్టి పంపాలా, ఇక్కడే ఎంబీఏ చేయించాలా?

జవాబు: ముందుగా, మీ అమ్మాయి వెనకబడిపోలేదండీ. పిల్లలను బీకామ్‌లో చేర్చిన తల్లిదండ్రులు చాలామంది ఇదే దిగులుతో నా దగ్గరికి వస్తారు. ఇంజనీరింగ్ చదివించలేకపోయాం, విదేశీ డిగ్రీతోనైనా ఆ లోటు పూడ్చాలి అంటారు. ఆ లోటు మీ మనసులో ఉంది, ఆమె చదువులో లేదు. కంపెనీల కొనుగోళ్లు, అమ్మకాలు, నిధుల సేకరణలో సలహా ఇచ్చే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కు పునాది బ్యాలెన్స్ షీటు చదవడం. అది ఆమెకు ఇప్పటికే తెలుసు.

ఇక లండన్. అక్కడి పెద్ద బ్యాంకులు కొత్తవారిని ఎక్కువగా తమ దగ్గర వేసవి ఇంటర్న్‌షిప్ చేసినవారిలోంచే తీసుకుంటాయి. దానికి దరఖాస్తులు ముందటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నాటికే మొదలవుతాయి. మీ అమ్మాయి సెప్టెంబరులో విమానం దిగి, గది వెతుక్కుని, క్లాసులకు అలవాటు పడేలోగా చాలా చోట్ల గడువు దాటిపోతుంది. చదువు ముగిశాక ఉండనిచ్చే కాలమూ తగ్గుతోంది. ఇప్పటిదాకా అది 2 ఏళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసుకునేవారికి 18 నెలలే. అప్పు వాయిదాలు మాత్రం ఆగవు. బ్యాంకులే వెతుక్కుంటూ వచ్చే బిజినెస్ స్కూళ్లు కొన్ని ఉన్నాయి. అలాంటి చోట సీటు వస్తే నా మాట వేరు. మీకు చూపించిన కాలేజీ ఆ కోవలోదేనా? నిరుడు ఎందరు, ఏ బ్యాంకులో, ఏ విభాగంలో చేరారో రాతపూర్వకంగా అడగండి. విభాగం తప్పకుండా అడగాలి. ఖాతాదారుల పత్రాలు సరిచూడటం, లావాదేవీలు సరిపోల్చడం గౌరవమైన ఉద్యోగాలే, కానీ అవి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కావు. వాటికోసం ప్లాటు తాకట్టు పెట్టనక్కర్లేదు.

అసలు పని ఎలా ఉంటుందో మన ఊరి సంగతితోనే చెబుతాను. 2021లో గంగవరం పోర్టు వాటాలను అదానీ పోర్ట్స్ షేరుకు 120 రూపాయల చొప్పున కొన్నది. 100 ఎందుకు కాదు, 140 ఎందుకు కాదు? రేవులో ఏటా ఎంత సరుకు దిగుతుంది, రాబోయే ఏళ్లలో ఖర్చులు పోను ఎంత నగదు మిగులుతుంది, దాని నేటి విలువ ఎంత? ఇలాంటి లెక్కలు ఎక్సెల్‌లో కట్టడం, ఒక్క అంకె మారితే తెల్లవారేలోగా మొత్తం తిరగగట్టడం ఈ ఉద్యోగం. అర్ధరాత్రి దాటినా ఇంటికి వెళ్లలేని రోజులు మామూలే.

అందుకే కొంచెం గట్టిగా అంటున్నాను. మీ ప్రశ్నలో ‘మా కోరిక’ అని ఉంది, ఆమె కోరిక ఎక్కడా లేదు. రెండేళ్లలో జీతం ఆగిపోయే మీరు ఇంత అప్పు చేసి, ‘అంతా నీ కోసమే’ అంటే, నచ్చని పనైనా ఆ పిల్ల వదులుకోగలదా? ఇది ప్రేమే, కాదనను. కానీ ఆమె మెడకు చుట్టుకునే ప్రేమ.

ఎంబీఏ విషయానికొస్తే, ముంబైలో ఈ ఉద్యోగాలకు పేరున్న దారులు అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా ఐఐఎంలు, మంచి ర్యాంకుతో పాసైన సీఏ. మన గంభీరంలోని ఐఐఎం 2015లో మొదలైంది. ఫైనాన్స్‌లో నిలదొక్కుకోవడానికి మంచి చోటే, కానీ ఈ ఒక్క ఉద్యోగానికి అక్కడా హామీ లేదు.

ఈ వారం రూపాయి ఖర్చు లేని పని ఒకటి చేయించండి. విశాఖలోనే రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న అవంతి ఫీడ్స్ వార్షిక నివేదిక వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. రొయ్యల మేతకు వాడే సోయా, చేపపిండి ధరలు పెరిగితే వచ్చే మూడేళ్ల లాభం ఎంత తగ్గుతుందో అమ్మాయిని పట్టిక వేయమనండి. మూడో రోజుకే విసుగొస్తే తప్పేమీ లేదు. ఆడిట్, పన్నులు, బ్యాంకుల్లో రుణాల విభాగం, బీమా... ఫైనాన్స్‌లో దారులకు కొదవ లేదు. ఆసక్తి పుడితే పెట్టుబడుల విశ్లేషణకు సంబంధించిన అంతర్జాతీయ పరీక్ష సీఎఫ్ఏ మొదటి లెవెల్ డిగ్రీ చివరి ఏడాదిలోనే రాయవచ్చు. ఆ తర్వాత రెండేళ్లు, కంపెనీలకు అప్పు తీర్చే సత్తా ఎంతో అంచనా వేసే రేటింగ్ సంస్థలోనో, వాటి విలువ కట్టే వాల్యుయేషన్ పనిలోనో చేరి, సొంత సంపాదన కొంత చేతిలో ఉన్నప్పుడు, లండనా అహ్మదాబాదా అన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి.