వింటేజ్ నంబరు వస్తుందన్న మాట నమ్మి పాత జోంగా కొనవచ్చా?

ప్రశ్న: సైన్యం వేలంలో అమ్మిన పాత జోంగా ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఒకరు పూర్తిగా బాగుచేయించి అమ్మకానికి పెట్టారు. ఆర్.సి.లో తయారీ సంవత్సరం 1970 అనీ, రిజిస్ట్రేషన్ 1986లో జరిగిందనీ ఉంది. అది వేరొకరి పేరున ఉంది. ఆయన సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఇస్తామంటున్నారు. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ బిగించారు, ఆర్.సి.లో మాత్రం పెట్రోలు అనే ఉంది. వింటేజ్ నంబరు, అంటే పాతకాలపు బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్ నంబరు, తప్పక వస్తుందని అమ్మకందారు వాట్సాప్‌లో రాశారు. బయానా ఇచ్చాను. మిగతా సొమ్ము చెల్లించవచ్చా?

జవాబు: ఇప్పుడున్న స్థితిలో చెల్లించవద్దు. జబల్‌పూర్‌లో నిస్సాన్ లైసెన్సుతో తయారై, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌తో దశాబ్దాల పాటు సైన్యానికి సేవచేసిన ఈ బండ్లను తుక్కు కానివ్వకుండా కాపాడుతున్న వారంటే నాకు ఎంతో గౌరవం. అయితే రవాణా అధికారి చూసేది బండి మెరుపును కాదు, చాసిస్ మీదా ఇంజన్ మీదా ఉన్న నంబర్లు కాగితాలతో సరిపోతున్నాయా లేదా అన్నదే.

అన్నిటికంటే బరువైన చిక్కు ఇంజన్ మార్పిడి. ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 చెబుతోంది. వాహనాల మార్పులకు సంబంధించిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను గట్టిగానే అన్వయించింది. అనుమతి లేని మార్పులకు సెక్షన్ 182ఎ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మార్పు చేయించింది పాత యజమానే అయినా, తనిఖీలో బండి పట్టుబడిన రోజున దానితో రోడ్డు మీద ఉండేది మీరు. కాబట్టి ఇంజన్ కొన్న బిల్లు, మార్పుకు రిజిస్టరింగ్ అధికారి ఇచ్చిన అనుమతి చూపమని అడగండి. అవి లేవంటే, ఆ లోపాన్ని సరిదిద్దించే బాధ్యత అమ్మకందారుదే.

వింటేజ్ నంబరు ఆశను కూడా ఈ ఇంజనే దెబ్బతీస్తోంది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 81ఎ మొదలైన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పు జరగని సొంత వాహనాలకే ఆ గుర్తింపు దక్కుతుంది. 1986 నుంచి లెక్కిస్తే 50 ఏళ్లు నిండలేదు. సైన్యంలో ఉన్న కాలాన్ని కూడా కలపాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన గెలుస్తుందన్న నమ్మకంతో సొమ్ము పెట్టమని నేను చెప్పలేను. పైగా, 'వీఏ' అక్షరాలుండే ఆ వింటేజ్ నంబరు వచ్చినా ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతుకు తప్ప రోజువారీ ప్రయాణాలకు ఆ బండిని వాడకూడదు. మీరు దాన్ని నిత్యం నడపాలనుకుంటే వింటేజ్ గుర్తింపు మీకు లాభం కాదు, అడ్డంకి.

ఖాళీ ఫారాల విషయానికి వస్తే, ఫారం 29, 30ల మీద సంతకాలు చేతిలో ఉన్నంత మాత్రాన బదిలీ పూర్తయినట్టు కాదు. ఆర్.సి.లో పేరున్న వ్యక్తి స్వయంగా వచ్చి, మీ సమక్షంలో, తేదీతో సహా సంతకం చేయాలి. ఆయన మరణించి ఉంటే ఆ ఫారాలు పనికిరావు; వారసులు ముందుగా ఫారం 31 ద్వారా తమ పేరున మార్పించుకోవాలి. కొన్న తరువాత 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయడం, 14 రోజుల్లో బీమా కంపెనీకి తెలియజేయడం మీ బాధ్యతలు. ఆర్.సి. కాలపరిమితి ముగియలేదని కూడా చూసుకోండి. సైన్యం వేలంలో ఇచ్చిన అమ్మకపు పత్రం, దాని ఆధారంగా జరిగిన రిజిస్ట్రేషన్ కాగితాల నకళ్లు కూడా తీసుకుని, వాటిలోని చాసిస్ నంబరును బండి మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్రతో పోల్చండి.

ఇక బయానా. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 19 ప్రకారం తప్పుడు మాటలతో పొందిన సమ్మతిని మీరు రద్దు చేసుకోవచ్చు. అయితే మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగిన సందర్భంలో, అమాయకంగా పొరపాటు చెప్పిన వారి మీదా, మౌనం వహించిన వారి మీదా ఆ హక్కు నిలవదు. ఆర్.సి.లో పెట్రోలు అని మీరు చదివారు, డీజిల్ ఇంజన్ కళ్లారా చూశారు కనుక ఇంజన్ విషయంలో మీ వాదన బలహీనం. వింటేజ్ నంబరు తప్పక వస్తుందన్న రాతపూర్వక హామీ మీకు అంతకంటే మెరుగైన ఆధారం. అది అబద్ధమని తెలిసే రాశారని చూపగలిగితే ఆ మినహాయింపు మీకు అడ్డురాదు. ఆ సందేశాలున్న ఫోనును మార్చకండి, చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కోరే ధ్రువపత్రంతో వాటిని కోర్టులో దాఖలు చేయవచ్చు. ముందుగా, పై లోపాలను 15 రోజుల్లో సరిచేయాలని, లేనిపక్షంలో బయానా తిరిగి ఇవ్వాలని కోరుతూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అమ్మకందారు పాత బండ్ల వ్యాపారమే చేసేవారైతే, మీరు సొంత వాడకానికే కొంటున్నట్టయితే, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. తన సొంత బండిని ఒక్కసారి అమ్ముకుంటున్న వ్యక్తి అయితే సివిల్ కోర్టులో దావా వేయవలసి ఉంటుంది, అందుకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది.