హైవే కూడలిలో రద్దీ తగ్గాలంటే ఫ్లైఓవర్ ఒక్కటే దారా?

కాదు. రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి లారీలకు కోనసీమ బస్సులు, అరటిగెలల సైకిళ్లు తోడవుతాయి. ఫ్లైఓవర్ వేస్తే నేరుగా పోయే బళ్లు పైనుంచి పోతాయి, కింద తిరిగే బళ్ల గొడవ మాత్రం కిందే ఉంటుంది.

ముందుగా బస్సులు, ఆటోలు ఆగే చోటును కూడలి దాటాక పెట్టాలి. సగం చిక్కు అక్కడే. ఎడమ మలుపును కాస్త ఇరుకు చేస్తే ఏ బండైనా నెమ్మదించక తప్పదు.

నడిచేవాళ్లకు డివైడర్ మధ్య నిలబడే జాగా కావాలి. సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కన 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు పడుతుంది. ముసలివాళ్లకు, గెలల సైకిల్ తోసుకెళ్లేవాళ్లకు అదీ చాలదు.

సైకిళ్లకు సర్వీసు రోడ్డు మంచిదే, దాన్ని లారీల పార్కింగ్‌కి వదిలేయకపోతే!