‘ఉన్న’, ‘పనిచేస్తున్న’, ‘పనిచేసిన’

తార్నాక, హైదరాబాద్

అమ్మాయీ, ఆశీస్సులు.

వెన్నుపాము నాడీకణాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఎత్తుగడ బాగుంది. మూడో పేరాలో కాలు జారింది. ‘చాట్ జన్యువు ఉన్న కణాలే మోటార్ న్యూరాన్లు’ అన్నావు. (ఆ పేరు వింటే నాకూ సాయంత్రం బండి మీది కట్లెట్ చాటే గుర్తొస్తుందనుకో.) ఆ జన్యువు నీ కాలేయంలోనూ ఉంది, చర్మంలోనూ ఉంది. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. ఎక్కడ ఏది పనిచేస్తోందన్నదే గుర్తు. ‘ఉన్న’ కొట్టేసి ‘పనిచేస్తున్న’ అని రాయి.

అప్పటికీ సగమే నిజం. చాట్ అంటే ఎసిటైల్‌కోలిన్ అనే, నాడీకణాలు సందేశం పంపడానికి వాడే రసాయనాన్ని తయారుచేసే ఎంజైమ్. కండరాలను కదిలించే మోటార్ న్యూరాన్లకు అది కావాలి. మూత్రాశయం, పేగుల్లాంటి వాటి పని చూసే కణాలకూ కావాలి, వెన్నుపాము నడిమి కాలువ దగ్గరుండే కొన్ని ఇంటర్‌న్యూరాన్లకూ (ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి సందేశం అందించేవి) కావాలి. మన ఊళ్లో ఖాకీ చొక్కా ఆటోడ్రైవరూ వేసుకుంటాడు, పోలీసూ వేసుకుంటాడు. మనిషి ఎక్కడ నిలబడ్డాడో కూడా చూస్తాం కదా. ఒకసారి ఒక ల్యాబ్‌లో వెన్నుపాము అడ్డకోతను మైక్రోస్కోపులోంచి చూశాను. సీతాకోకచిలుక ఆకారంలో బూడిద పదార్థం, కింది రెక్కల కొసల్లో బొండుమల్లె మొగ్గల్లా గుత్తులుగా పెద్ద పెద్ద కణాలు. ఆ చోటూ, ఆ సైజూ, చాటూ మూడూ కలిస్తేనే ధైర్యంగా మోటార్ న్యూరాన్ అనొచ్చు.

ఇక ఫొటో కింద రాసింది: ‘ఎరుపు: ఎన్1 పనిచేస్తున్న వి1 కణాలు.’ ఇది నేనూ చేసిన తప్పే. అచ్చయ్యాక ఒక శాస్త్రవేత్త ఫోన్ చేసి మెత్తగా వాయించారు. వి1 అనే రకం ఇంటర్‌న్యూరాన్లలో ఎన్1 జన్యువు పిండదశలో పనిచేస్తుంది, పుట్టాక చాలావరకు సద్దుమణుగుతుంది. పెద్ద చిట్టెలుకలో నేరుగా వెతికితే సరిగా దొరకదు. అందుకే ఎన్1తో పాటు క్రీ అనే ఎంజైమ్ తయారయ్యేలా చిట్టెలుకలను పెంచుతారు. ఎన్1 ఒక్కసారి పనిచేస్తే చాలు, క్రీ ఆ కణంలో ఎర్రరంగు స్విచ్ వేసేస్తుంది. అది మళ్లీ ఆరదు. అంటే ఆ ఎరుపు చెప్పేది ఇప్పటి మాట కాదు, పుట్టకముందు మాట. అక్కడ ‘పనిచేసిన’ అని ఉండాలి.

హెచ్‌బీ9 అనే ఇంకో జన్యువు గురించి నువ్వు రాసిన పేరా జోలికి నేను వెళ్లలేదు, నువ్వే ఈ కళ్లతో ఇంకోసారి చూసుకో. ఆ పేరా ఫొటోలోది పిండమా, పెద్ద చిట్టెలుకా అన్నది మాత్రం ఎక్కడా లేదు. అది కనుక్కుని ఆదివారం ఇంటికి రా.

ఇట్లు,
నీ పెదనాన్న