పేపర్లున్న కుక్కకు చూపెందుకు పోతోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్ బ్రూనోకి ఐదేళ్లు. కొన్నాళ్లుగా చీకటి పడితే మెట్లు దిగడానికి భయపడుతున్నాడు. కరెంటు పోతే మంచానికి గుద్దుకుంటున్నాడు. కళ్లు చూసిన డాక్టరు పీఆర్‌ఏ (కంటి లోపలి రెటీనా పొర మెల్లగా పాడై చూపు పోయే జబ్బు) అన్నారు, వంశపారంపర్యంగా వస్తుందన్నారు. పప్పీని అమ్మిన బ్రీడర్ మాత్రం ‘తల్లికీ తండ్రికీ చూపు బాగానే ఉంది, ఛాంపియన్ లైన్, వంశంలో ఎందుకుంటుంది?’ అంటున్నారు. పైగా తన కెన్నెల్‌లో ఉన్న ఆడకుక్కతో క్రాసింగ్ చేయిద్దాం, ఒక పప్పీ మీకిస్తాను అంటున్నారు. బ్రూనో వంశం వివరాలున్న పేపర్లలో తండ్రి తండ్రి, తల్లి తండ్రి పేరు ఒకటే ఉంది. క్రాసింగ్‌కి ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: ఇవ్వకండమ్మా. కారణాలు తర్వాత చెబుతాను. ఆడకుక్క హీట్‌కి వచ్చిందంటే మీకు ఆలోచించుకునే టైమ్ ఇవ్వరు, అందుకే ముందు ఈ మాట.

తల్లిదండ్రులకు చూపు బాగుందన్నది నిజమే కావచ్చు. లాబ్రడార్లలో ఎక్కువగా కనిపించే పీఆర్‌ఏ, ఒక జన్యువు రెండు కాపీలూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) చెడినప్పుడే బయటపడుతుంది. ఒక్క కాపీ చెడిన కుక్కను క్యారియర్ అంటాం. దానికి ఈ జబ్బు రాదు, కానీ ఆ చెడ్డ కాపీని పిల్లలకు ఇవ్వగలదు. ఇద్దరు క్యారియర్లు కలిస్తే ఒక్కో పప్పీకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం. చూపు తగ్గడం సాధారణంగా నాలుగైదేళ్ల వయసులో గానీ తెలియదు. ఆలోపే ఆ కుక్కతో పిల్లల్ని పుట్టించేస్తారు.

ఇక ఆ తాత సంగతి. నానమ్మ, అమ్మమ్మ వేరు, తాత ఒక్కడే అంటే బ్రూనో తల్లీ తండ్రీ ఒకే తండ్రి పిల్లలు. అలా పుట్టినవాడి ఇన్‌బ్రీడింగ్ లెక్క, అంటే ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం, 12.5 శాతం. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే వాళ్ల బిడ్డకు వచ్చేదీ సరిగ్గా ఇంతే. బావామరదళ్ల బిడ్డకైతే 6.25 శాతం. తోడబుట్టిన కుక్కల్నే కలిపితే 25 శాతం. మన ఇళ్లలో ఒక తరం మేనరికం చేసుకున్నా, తర్వాతి తరానికి బయటి సంబంధం రావచ్చు. కెన్నెల్‌లో అలా కాదు. షోలో కప్పు తెచ్చాడని ఆ తాతనే, తర్వాత అతని కొడుకునే, ఆ తర్వాత మనవణ్నే వాడతారు. అందమైన తలతోపాటు కనబడని చెడ్డ కాపీ కూడా రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే పప్పీలో కలుస్తుంది. ‘ప్యూర్ లైన్’ అని గొప్పగా చెబుతుంటే నాకు కోపం వస్తుంది, ఆ మాటకు ఖరీదు కట్టేది కుక్క కాబట్టి. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2009లోనే తోడబుట్టినవాటికి, తల్లీకొడుకులకు, తండ్రీకూతుళ్లకు పుట్టిన పప్పీల రిజిస్ట్రేషన్ ఆపేసింది.

బ్రూనోకి డీఎన్‌ఏ టెస్ట్ చేయించండి. బుగ్గ లోపల స్వాబ్‌తో తీసినది గానీ, కాస్త రక్తం గానీ చాలు. ఆ జన్యువేనని తేలితే వాడి ప్రతి పప్పీకీ ఒక చెడ్డ కాపీ తప్పకుండా వెళ్తుంది. ఆడకుక్క క్యారియర్ అయితే సగం పప్పీలకు జబ్బు వస్తుందని లెక్క. అదే కెన్నెల్ కుక్క అంటున్నారు, నా భయం అక్కడే. బ్రీడర్‌తో గొడవ పెట్టుకోకండి. రిపోర్ట్ కాపీ ఇచ్చి, తల్లీ తండ్రీ ఇద్దరూ కనీసం క్యారియర్లని దీన్నిబట్టే తెలుస్తోందని చెప్పండి. క్యారియర్లన్నింటినీ పక్కన పెట్టనక్కర్లేదు. టెస్ట్‌లో క్లియర్ (చెడ్డ కాపీ ఒక్కటీ లేదని) వచ్చిన, బంధుత్వం లేని కుక్కతో కలిపితే ఈ జబ్బుతో పప్పీ పుట్టదు. క్యారియర్లను పూర్తిగా తీసేస్తే బ్రీడ్‌లో కలపడానికి మిగిలే కుక్కలు ఇంకా తగ్గి మరో జబ్బు పైకి రావచ్చు.

దీనికి మందు లేదు, కానీ బ్రూనోకి నొప్పి ఉండదు. వాసనతో, అలవాటుతో ఇల్లంతా తిరుగుతాడు. సోఫా, మంచం జరపకండి. మెట్ల దగ్గర చిన్న గేటు పెట్టించండి. రోజూ ఒకే దారిలో, బెల్టు వదలకుండా వాకింగ్‌కి తీసుకెళ్లండి. తర్వాత శుక్లాలు కూడా రావచ్చు కాబట్టి కళ్లు చూపిస్తూ ఉండండి.

ప్రశ్న: మా డాల్మేషియన్‌కి మూత్రంలో రాళ్లు వస్తే ఆపరేషన్ చేయించాం. మా తిండి వల్లే వచ్చాయా?
– ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: తిండి కొంత కారణం, అసలు కారణం పుట్టుక. మిగతా జాతుల్లో యూరిక్ యాసిడ్ చాలావరకు లివర్‌లో మారిపోతుంది. డాల్మేషియన్లలో ఒక జన్యువు చెడడం వల్ల అది సరిగ్గా మారక మూత్రంలోకి పోతుంది. జాతి మొత్తంలో మంచి కాపీ మిగల్లేదు. అందుకే అమెరికాలో 1973లో పాయింటర్ అనే మరో జాతి కుక్కతో ఒక్కసారి కలిపి, ఆ తర్వాత తరతరాలుగా మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ మంచి కాపీని తిరిగి తెచ్చారు. చూస్తే మచ్చల డాల్మేషియనే. వాటిని అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఒప్పుకోవడానికి మాత్రం 2011 దాకా పట్టింది. ఆ ఆలస్యం నాకు ఇప్పటికీ బాధే.

మీవాడికి కార్జం, చికెన్ లివర్ పూర్తిగా మానేయండి. గుడ్డు, పెరుగన్నం పర్వాలేదు, మిగతా ఆహారం మీ డాక్టర్‌ని అడిగి పెట్టండి. నీళ్లు బాగా తాగించండి, తిండిలో కూడా కలపండి. మగకుక్కకు మూత్రనాళం సన్నం. కాలెత్తి ముక్కుతున్నా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.