పంపు ఒక్కటే మార్చకు

చిరంజీవి మేనల్లుడికి,

నిన్న ఫోన్లో నీ గొంతు వింటే బండి చేతికి రాకుండా పోయిందని బెంగపడ్డట్టు ఉంది. అంత ఏమీ కాలేదు నాన్నా. పొద్దున స్టార్ట్ చేయగానే వాక్యూమ్ క్లీనర్ పెట్టినట్టు మోత, నిమిషం తర్వాత అది ఆగిపోవడం, ఇప్పుడు చెక్ ఇంజన్ లైటు, కోడ్ పీ0411. నీది 2002 మోడల్. ఆ వయసు బండికి సెకండరీ ఎయిర్ దగ్గర, అంటే స్టార్టింగులో ఎగ్జాస్టులోకి గాలి కొట్టే పంపూ దాని వాల్వూ ఉన్నచోట, ఇలాంటి జబ్బు రావడం మామూలే. కానీ ఆ కోడ్ చెప్పేది ఎగ్జాస్టులోకి వెళ్ళాల్సిన గాలి సరిగ్గా వెళ్ళడం లేదని మాత్రమే. పంపు పోయిందని అది చెప్పదు. షాపులో పంపుకూ లేబరుకూ కలిపి తొమ్మిది వందల డాలర్లు అడిగారన్నావు. వాల్వు విప్పి చూశారా అని అడిగితే నీ దగ్గర జవాబు లేదు. అది తేలేదాకా సరే అనకు.

ఈ పంపు పని ఏమిటో తెలిస్తే నీకే దారి దొరుకుతుంది. రాత్రంతా చల్లబడిన ఇంజన్‌కు స్టార్టింగులో పెట్రోలు ఎక్కువ పోయాలి. అదంతా కాలదు. కాలని పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ సైలెన్సరు వైపు పోతాయి. వాటిని శుభ్రం చేయాల్సిన కేటలిటిక్ కన్వర్టరేమో 250, 300 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. ఆ మొదటి నిమిషం, నిమిషంన్నర పాటు పంపు బయటి గాలిని ఎగ్జాస్టు పోర్టుల్లోకి కొడుతుంది. అమ్మమ్మ కట్టెల పొయ్యిలో ఊదుగొట్టంతో ఊదేది చూశావుగా, అదే పని. మిగిలిపోయిన పెట్రోలు అక్కడే కాలుతుంది, కన్వర్టరు తొందరగా వేడెక్కుతుంది. తర్వాత పంపు ఆగుతుంది, దాని ముందున్న వాల్వు మూసుకుంటుంది.

ఆ వాల్వు దగ్గరే ఉంది అసలు సంగతి. గాలి లోపలికి పోవాలే తప్ప ఎగ్జాస్టు వెనక్కి రాకూడదు. వాల్వుకు మసి పట్టి సగంలో ఇరుక్కుంటే వేడి పొగ, అందులోని నీటి ఆవిరి గొట్టం వెంట పంపులోకి వస్తాయి. రాత్రికి ఆ ఆవిరి నీరవుతుంది. బేరింగులు తుప్పు పడతాయి, మోత మొదలవుతుంది, ఒకరోజు మోటారు బిగుసుకుపోతుంది. అంటే చచ్చేది పంపు, చంపేది వాల్వు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న రోజుల్లో అంబాసిడర్‌కూ పద్మినికీ ఈ పంపే లేదు, అందుకే అమెరికా వచ్చిన కొత్తలో ఇది నాకు తెలియలేదు. నా మొదటి బండికి పంపు ఒక్కటే మార్చుకున్నాను. ఒక్క చలికాలం దాటలేదు, కొత్త పంపూ అదే మోత. విప్పితే లోపల తుప్పు నీళ్ళు. ఆ డబ్బు పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, నీకు ఆ పని జరగకూడదు.

కాబట్టి ముందు చల్లటి ఇంజన్ మీద చూడు. పంపు అసలు తిరగకపోతే ఫ్యూజు, రిలే చూడు. ఈ పంపు కరెంటు బాగా లాగుతుంది, దాని ఫ్యూజు పెద్దదే ఉంటుంది. కాలిందని ఇంకా పెద్దది వేయకు, వైరింగు అంటుకుంటుంది. పంపు తిరుగుతూ గాలి పోకపోతే వాల్వును తెరిచే సన్న వాక్యూమ్ గొట్టాలు వేళ్ళతో తడిమి చూడు. ఇరవై ఏళ్ళు దాటిన రబ్బరు పెళుసెక్కి చీలుతుంది, కొన్నిసార్లు కొద్ది డాలర్ల గొట్టంతోనే పని అయిపోతుంది. తర్వాత వాల్వు వైపున్న పెద్ద గొట్టం ఊడదీసి లోపల చూడు. మసి గానీ తడి గానీ కనిపించిందా, వాల్వు కారుతున్నట్టే. ఇంజన్ వేడెక్కాక ఆ నోటి నుంచి పొగ వస్తుంటే ఇక అనుమానమే లేదు. ఇదంతా ఆరుబయట చెయ్యి. గరాజులో, తలుపు తెరిచి ఉన్నా సరే, వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

లైటు నిలకడగా వెలుగుతున్నంత వరకు బండి నడుపుకోవచ్చు. మినుకు మినుకుమని కొడితే మాత్రం పక్కకు ఆపెయ్, అది మిస్‌ఫైర్, అంటే ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదని, కన్వర్టరు కాలిపోతుంది.

నీ రూమ్మేట్ చెప్పినట్టు పంపు పీకేసి రంధ్రాలు మూసెయ్యడం మాటే ఎత్తకు. కాలిఫోర్నియాలో అది చట్టవిరుద్ధం, పైగా స్మాగ్ చెక్‌లో, అంటే బండ్ల పొగకు రాష్ట్రం పెట్టే పరీక్షలో, బానెట్ ఎత్తి భాగాలన్నీ ఉన్నాయా అని చూస్తారు. ఒకప్పుడు లాస్ ఏంజెలెస్‌లో కళ్ళు మండే పొగమంచు కమ్మేది. 1950ల మొదట్లో అక్కడి కాల్‌టెక్ విద్యాసంస్థలో హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త, బండ్లు వదిలే కాలని పెట్రోలూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి ఆ పొగ పుడుతోందని తేల్చాడు. 1966 మోడళ్ళ నుంచి ఇక్కడ అమ్మే కార్లకు ఎగ్జాస్టు కట్టడి పెట్టారు. అప్పటి పంపులు బెల్టుతో తిరిగేవి. పిల్లలు పీల్చే గాలి కోసం పెట్టిన భాగం ఇది, దాన్ని తీసేసిన బండి నేను ముట్టుకోను.

2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు స్మాగ్ చెక్‌లో మామూలుగా సైలెన్సరు పొగ కొలవరు, కంప్యూటర్‌నే చదువుతారు. లైటు వెలిగితే ఫెయిల్. బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పుకొని వెళ్తే మానిటర్లన్నీ, అంటే కంప్యూటర్ ఒక్కో భాగాన్ని తనే పరీక్షించుకున్న ఫలితాలన్నీ, చెరిగిపోతాయి, అప్పుడూ ఫెయిలే. నీ మోడల్‌కు ఎవాప్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా చూసే ఏర్పాటు) మానిటర్ ఒక్కదానికే మినహాయింపు. సెకండరీ ఎయిర్ మానిటర్ పూర్తవ్వాలంటే రాత్రంతా చల్లారిన ఇంజన్‌తో స్టార్టింగులు కావాలి, కాబట్టి రిపేరయ్యాక కొన్ని రోజులు కాలేజీకి మామూలుగా నడిపి అప్పుడు వెళ్ళు.

రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం స్మాగ్ కోసం ఆపకుండా గడువులోపే కట్టెయ్, లేట్ ఫీజు తప్పుతుంది. ఒకవేళ ఫెయిలైతే, ఆదాయం తక్కువున్నవాళ్ళకు రాష్ట్రం రిపేరు ఖర్చులో సాయం చేసే పథకం ఉంది. విద్యార్థివి కాబట్టి అడిగి చూడు. ముందే బాగు చేయించుకొని బిల్లు పంపితే ఇవ్వరు, అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టించు.

శనివారం సాయంత్రమే బండి మా ఇంటికి తెచ్చెయ్. రాత్రంతా చల్లారనిచ్చి ఆదివారం పొద్దున్నే వాల్వు విప్పుదాం. మీ అమ్మకు నేను ఫోన్ చేసి చెబుతాలే.

ఆశీస్సులతో,
మామయ్య